నిలకడ లేని బిడ్డ – శరణధర్మము

సాయంసంధ్య వేళ. ఒక వీరశైవ గృహమున ఇష్టలింగార్చన జరుగుచున్నది. పెద్దలు విభూతి ధరించి, ఎడమ అరచేత లింగమును నిలుపుకొని, దానిపై దృష్టి నిలిపి కూర్చుండిరి. తొమ్మిదేండ్ల బాలుడొకడు వారి ప్రక్కన కూర్చుండెను. రెండు నిమిషములు గడచునంతలో వాని మోకాలు ఊగనారంభించెను. చేయి బిల్వదళముల పళ్లెము మీదికి పోయెను. వీధిలో సైకిలు గంట మ్రోగగానే మెడ అటు తిరిగెను. తాతగారు కన్నెర్ర చేయగా బాలుడు సర్దుకొని కూర్చుండెను. మరుక్షణమున వాని మోచేయి తగిలి విభూతి ఉండ నేలబడి పొడియయ్యెను. "వీనికి భయము లేదు, భక్తి లేదు. రేపటి నుండి వీనిని పూజకు కూర్చుండబెట్టవద్దమ్మా" అని తాతగారు కోడలితో పలికిరి. తల్లి మారు పలుకక ఆ పొడిని చేతితో ఎత్తుకొనెను. బాలుడు తలవంచుకొని తన గోళ్లను చూచుకొనుచుండెను.

ఇట్టి దృశ్యము ఏ ఒక్క యింటిదో కాదు. బడిలో ఉపాధ్యాయుడు చెప్పిన లెక్కను సగము వ్రాసి వదలివేయువాడు, పుస్తకములను, పెన్సిళ్లను దినదినమును పోగొట్టుకొనువాడు, ఇతరులు మాటలాడుచుండగా నడుమ దూరువాడు, తన వంతు వచ్చువరకు ఆగలేనివాడు, ఉయ్యాల బల్లపై నుండి దూకి మోకాళ్లు చీల్చుకొనువాడు ప్రతి వీధిలోను కనబడును. వానికి పెద్దలు పెట్టు పేర్లు మొండివాడు, సోమరి, అల్లరివాడు. ఈ పేర్లన్నియు నీతికి సంబంధించినవి. అనగా బిడ్డ చేయగలిగియు చేయుట లేదని తీర్పు చెప్పునవి. ఆ తీర్పు సరియైనదా? తన వశమున లేని దానికి మనిషిని దోషిగా నిలుపవచ్చునా? నిలుపరాదన్నచో, ఆ బిడ్డకు నియమమే అక్కరలేదా? శరణధర్మమును నమ్మిన కుటుంబములు ఆలోచింపవలసిన ప్రశ్నలివి.

వైద్యులు ఈ స్థితిని అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్ అనియు, సంక్షిప్తముగా ఏ.డి.హెచ్.డి. అనియు పిలుచుచున్నారు. అవధానము నిలువకుండుట, అతిగా కదలుట, తొందరపాటును ఆపుకొనలేకపోవుట దీని లక్షణములు. లోకములో నూటికి సుమారు ఐదుగురు బాలబాలికలలో ఇది కలదని అంచనా. అల్లరి చేసిన ప్రతి బిడ్డకును ఈ పేరు తగదు. లక్షణములు పండ్రెండేండ్ల లోపుననే కనబడి, ఆరు నెలలకు తక్కువ కాకుండ నిలిచి, ఇంటిలోను బడిలోను గూడ బిడ్డ జీవితమునకు అడ్డుపడినప్పుడే వైద్యులు దీనిని నిర్ణయింతురు. బాలికలలో ఇది పలుమారులు అల్లరిగా బయటపడదు. కిటికీ వైపు చూచుచు, చెప్పినది వినక, తనలో తాను మునిగియుండు బాలికను "మందమతి" యని పెద్దలు వదలివేయుదురు. ఆమె బాధ ఎవరికిని తెలియకుండ పోవును.

ఈ స్థితికి పెట్టిన పేర్ల చరిత్రయే ఒక నీతిపాఠము. 1902వ సంవత్సరమున లండనులోని వైద్యుల కళాశాలలో జార్జి స్టిల్ అను బాలవైద్యుడు కొన్ని ఉపన్యాసములిచ్చెను. తెలివిలో లోపము లేకయే తమ్ము తాము అదుపు చేసికొనలేని పిల్లలను వర్ణించి, దానికి "నైతిక నిగ్రహ లోపము" అని పేరు పెట్టెను. అనగా వైద్యుడు సైతము మొదట దీనిని నీతి యను కంటితోనే చూచెను. 1968లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథమున ఇది బాల్యమునందలి అతిచలన ప్రతిక్రియగా పేర్కొనబడెను. 1980లో అవధానలోపము ముందునకు వచ్చెను. 1987లో నేటి పేరు స్థిరపడెను. బిడ్డ మాత్రము అన్ని కాలములందును ఆ బిడ్డయే. మారినది చూచువారి దృష్టి. నీతి లోపమని తలచినది మెదడు పెరుగుదలలోని భేదమని క్రమముగా తెలిసినది. 2007లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో, ఇట్టి పిల్లల మెదడు పైపొర పక్వము చెందుటలో ఇతరుల కంటె సగటున మూడేండ్లు వెనుకబడి యుండుట కనబడెను. ముఖ్యముగా నిగ్రహమునకు, ముందుచూపునకు ఆధారమైన ముందు భాగములలో ఈ ఆలస్యము హెచ్చుగా నుండెను. ఈ స్థితి కుటుంబములలో వంశానుగతముగా వచ్చుట బలముగా కనబడుచున్నది. తల్లి గారాబము దీనికి కారణము కాదు. తండ్రి కాఠిన్యము దీనికి మందు కాదు.

ఇచ్చట పెద్దలకు కలుగు సందేహమొకటి కలదు. "రెండు నిమిషములు చదువజాలనివాడు గంటసేపు గాలిపటము కట్టుచు కూర్చుండునే! అప్పుడు ఎట్లు కుదిరినది? మనసుంటే చేయగలడు" అందురు. ఈ మాటయే బిడ్డపై మోపు నేరమునకు పెద్ద సాక్ష్యముగా చెల్లుబాటగుచున్నది. కాని ఈ స్థితి స్వరూపమే అది. వీనికి అవధానము లేకపోలేదు. అది వాని ఆజ్ఞకు లోబడుట లేదు. ఇష్టమైన పని దానిని తనంతట లాగుకొనును. ఇష్టము లేని పనికి, ఫలము దూరముగా నున్న పనికి దానిని మరల్చుట వానికి మిక్కిలి కష్టము. నేడు కుదిరినది రేపు కుదరకపోవును. చేయలేమికిని చేయకుండుటకును నడుమ గీత ఇచ్చట స్పష్టముగా కనబడదు. గీత కనబడనప్పుడు సందేహఫలమును ఎవరికి ఇయ్యవలెను? బలవంతుడైన పెద్దకా, నోరులేని బిడ్డకా? న్యాయస్థానము సైతము సందేహఫలమును నిందితునకే ఇచ్చుచున్నది. ఇల్లు అంతకంటె కఠినముగా ఉండరాదు గదా!

వీరశైవాచారమున ఈ ప్రశ్నకు సమాధానము బిడ్డ పుట్టకమునుపే చెప్పబడినది. గర్భిణికి ఎనిమిదవ మాసమున గర్భస్థశిశువు కొరకు లింగధారణ చేయు ఆచారము కలదు. బిడ్డ పుట్టిన పిదప ఆ లింగము బిడ్డదగును. వాడు నెమ్మదిగా కూర్చుండునో లేదో, చదువు వచ్చునో రాదో ఎవరును పరీక్షింపలేదు. నడవడి తెలియకమునుపే, ముఖము చూడకమునుపే వానికి లింగమును ఇచ్చిరి. అనగా బిడ్డ యోగ్యత వాని ప్రవర్తనను బట్టి నిర్ణయమైనది కాదు. తొమ్మిదేండ్ల తరువాత "వీడు పూజకు తగడు" అని పలుకువారు ఆనాడు తామే చేసిన పనిని మరచినవారగుదురు. "వీని పూర్వజన్మ కర్మ" అను మాటయు అట్టిదే. లింగవంతుని పూర్వమును లెక్కింపరాదని శరణులు ఎలుగెత్తి చాటిరి. పరుల విషయమున పాటింపవలసిన ఆ నియమమును సొంత బిడ్డ విషయమున విడుచుట తగునా?

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. ఆ ముగ్ధభక్తురాలికి శివుడు తల్లి లేని బిడ్డగా తోచెను. లోకులు శివుని వింత వేషమును చూచి భయపడిరి, పొగడిరి, ప్రశ్నించిరి. ఆమె వేరొక విధముగా ఆలోచించెను. తల్లియే యున్నచో విషము త్రాగనిచ్చునా, పాములను మెడను చుట్టుకొననిచ్చునా, తల జడలు కట్టనిచ్చునా, ఇల్లిల్లు తిరిగి బిచ్చమెత్తనిచ్చునా అని ఆమె వగచెను. పిమ్మట తానే తల్లియై స్నానము చేయించి, లాలించి, జోలపాడెను. ఆమె చూపులోని విశేషము గమనింపదగినది. వింత నడవడి కనబడినప్పుడు "ఇతడు చేసిన తప్పేమి?" అని ఆమె అడుగలేదు; "ఇతనికి కొరవడినదేమి?" అని అడిగెను. ఆ ప్రశ్న అడిగిన వెంటనే ఆమె చేతులకు పని దొరికెను. నిలకడ లేని బిడ్డ తల్లిదండ్రులకు ఈ ప్రశ్న ఒక్కటి చాలును. వీనికి కొరవడినదేమి? ముందుగా గుర్తుచేయువారు కొరవడిరా? కదలుటకు చోటు కొరవడెనా? నిద్ర కొరవడెనా? పెద్ద పనిని చిన్న ముక్కలుగా చేసి చూపు చేయి కొరవడెనా? నేరమును వెదకువానికి దొరకని దారులు కొరతను వెదకువానికి దొరకును.

కట్టిన గుడికంటె నడచు మనిషిని మిన్నగా భావించిన మార్గము బసవేశ్వరునిది. జంగముడు అని పేరొందినవాడు ఒకచోట నిలువడు. ఆ జంగమునకు భక్తుడు దాసోహము చేయును. ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. జంగమతత్త్వము వేరు, బాలుని చాంచల్యము వేరు. రెండింటిని ఒకటిగా చెప్పుట తత్త్వమునకును అపచారము, బిడ్డకును ఉపకారము కాదు. వాని చాంచల్యము వానికి బాధయే. కాని ఆతిథ్యధర్మము నుండి నేర్వవలసినది మాత్రము కలదు. జంగముడు వాకిట నిలిచినప్పుడు భక్తుడు తన వేళను, తన వంటను, తన విశ్రాంతిని ఆయనకు అనుకూలముగా మార్చుకొనును. నా గడియకు రమ్మని శాసింపడు. ఎదుటివాని నడకను తెలిసికొని, అచ్చటికి తాను పోయి కలిసికొనుటయే దాసోహభావము. బిడ్డతో అనుబంధము కూడ అట్లే కుదురును. వంటగది నుండి పదిమార్లు కేకవేసిన మాట వాని చెవికి చేరదు. తల్లి పది అడుగులు నడచి, భుజముపై చేయి వేసి, కన్నులలోనికి చూచి, ఒక్క పనిని మాత్రము చిన్న మాటలో చెప్పినచో ఆ మాట చేరును.

అట్లయినచో నియమము అక్కరలేదా? దయ యనగా విడిచిపెట్టుటయా? శరణుల చరిత్ర ఆ విధముగా చెప్పదు. కల్యాణమున ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజలను ఏరుకొని జీవించుటను కాయకముగా పెట్టుకొనెను. అనుభవమంటపమున గోష్ఠిలో మునిగి ఒకనాడు తన కాయకమును మరచెను. భార్య లక్కమ్మ ఆయనను నిందింపలేదు, ఊరకుండను లేదు. కాయకము నిలిచిపోయినదని గుర్తుచేసి, పోయి పూర్తిచేసి రమ్మని పంపెను. మరియొకనాడు ఆయన కావలసిన దానికంటె ఎక్కువ బియ్యము తేగా, మిగులును తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. మరపును లక్కమ్మ పాపముగా ఎంచలేదు, పనిని మాఫీయును చేయలేదు. సకాలమున గుర్తుచేయుట, పనిని ఆ మనిషికే అప్పగించుట, గౌరవము తగ్గింపకుండుట అను మూడును ఆమె మాటలో కలవు. నిలకడ లేని బిడ్డకు కావలసిన క్రమశిక్షణ కూడ ఈ మూడే.

ఏ.డి.హెచ్.డి. గల బిడ్డకు ఏది మంచియో తెలియకపోవుట అరుదు. అడిగినచో నియమములన్నియు అప్పగించును. చేయవలసిన క్షణమున అది జ్ఞప్తికి రాదు. కావున ముందునాటి రాత్రి చేసిన హితబోధ కంటె ఆ క్షణమున అందిన చిన్న సాయము వేయిరెట్లు మేలు. బడిసంచిలో పెట్టవలసిన వస్తువుల బొమ్మలను తలుపుపై అంటించుట, లేచుట మొదలు నిద్రించుట వరకు దినచర్యను ఒకే వరుసలో నడుపుట, ఇంటిపాఠమును పది పది నిమిషముల తునకలుగా చేసి నడుమ పరుగెత్తనిచ్చుట, గడియారమునో ఇసుకగడియనో ఎదుట పెట్టి కాలమును కంటికి కనబడునట్లు చేయుట ఇట్టి సాయములు. ఇంటి నియమములు పదిహేను కాక మూడో నాలుగో యుండవలెను. ఫలము వెంటనే అందవలెను. సంవత్సరాంతమున కొనిచ్చెదమన్న సైకిలు వాని మనసును నేడు కదలింపదు. మెచ్చుకోలు గూడ స్పష్టముగా నుండవలెను. "మంచివాడవు" అనుటకంటె "పిలువగానే వచ్చితివి" అనుట వానికి దారి చూపును. శిక్ష తప్పనప్పుడు అది చిన్నదిగా, ముందే చెప్పినదిగా, కోపము చల్లారిన పిమ్మట ఇచ్చునదిగా ఉండవలెను. దెబ్బ వలన అవధానము పెరుగదు, అబద్ధము పెరుగును. బడిలో బిడ్డను కొట్టుటను, మనసు నొప్పించి వేధించుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. చట్టము బడికి చెప్పినదానిని ధర్మము ఇంటికి ఎప్పుడో చెప్పినది.

వీటన్నిటికంటె ముందు నిలువవలసినది అనుబంధము. ఇట్టి బిడ్డ ఉదయము లేచినది మొదలు "వద్దు, ఆగు, మరల నీవేనా" అను మాటలనే వినుచుండును. తన పేరు పిలువబడినచో తప్పేదో జరిగినదని వాడు అనుకొనును. కొన్ని యేండ్లకు తాను చెడ్డవాడనని తానే నమ్మును. రోగము చేయని హాని ఈ నమ్మకము చేయును. కావున దినమునకు పదిహేను నిమిషములు తల్లియో తండ్రియో వానితో కూర్చుండి, వాడు ఎంచుకొనిన ఆటలో వాడు చెప్పినట్లు నడచుట మేలు. ఆ సమయమున బోధ వద్దు, ప్రశ్న వద్దు, తప్పు దిద్దుట వద్దు. ఆనాడు వాడు ఎంత అల్లరి చేసినను ఆ పదిహేను నిమిషములు రద్దు కారాదు. ప్రసాదమును యోగ్యత చూచి పంచరు గదా!

మందుల విషయమున రెండు తప్పులు జరుగుచున్నవి. కొందరు మందు పేరు వినగానే బిడ్డకు పిచ్చి యని చాటినట్లు సిగ్గుపడుదురు. కొందరు మందు ఒక్కటే చాలునని తలచి తమ పనిని మానుకొందురు. 1999లో అమెరికాలో 579 మంది పిల్లలపై పదునాలుగు నెలలు నడచిన పెద్ద పరిశీలనలో, శ్రద్ధతో నడపిన మందుల చికిత్స ముఖ్య లక్షణములను తగ్గించుటలో కేవల ప్రవర్తనా శిక్షణ కంటె మిన్నగా పనిచేసెను. అయినను చాల చిన్న పిల్లల విషయమున తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చుటయే మొదటి చికిత్సగా వైద్యులు భావింతురు. మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులు ఆకలిని తగ్గించుట, నిద్రను చెడగొట్టుట కలదు. కావున నిపుణుడైన వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి. కంటి అద్దములను పెట్టుకొనుట ఎట్లు దోషము కాదో ఇదియు అట్లే. పరీక్షకు దారి తెలియనివారు ప్రభుత్వ వైద్యులను అడుగవచ్చును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున బిడ్డలలో పరిశీలింపవలసిన స్థితులలో ఇది కూడ చేర్చబడినది.

ఇక తల్లిని గూర్చి. బంధువుల పెండ్లిలో బిడ్డ పళ్లెము తన్నినప్పుడు అందరి చూపులు ఆమె మీదికే పోవును. "పెంపకము" అను ఒక్క మాటతో ఆమె యేండ్ల కష్టము తుడిచివేయబడును. ఆమె అలసును, అరచును, ఒక్కొక్కప్పుడు చేయి చేసికొనును, రాత్రి నిద్రించుచున్న బిడ్డ తలను నిమురుచు ఏడ్చును. బిడ్డకు చూపవలసిన దయ ఆమెకును చూపవలెను. వంశానుగతమైన స్థితి గనుక, తల్లిదండ్రులలో ఒకరికి అదియే యుండుటయు కలదు. మరపును తానును మోయుచున్న తండ్రి బిడ్డ మరపును చూచి మండిపడుటలో, తన బాల్యమున తిన్న దెబ్బల నొప్పి దాగియుండవచ్చును. సమాజమనునది ఇట్టిచోటనే అక్కరకు రావలెను. పినతల్లి ఒక సాయంకాలము బిడ్డను తనతో తీసికొనిపోయిన చాలును. ఉపాధ్యాయుడు వానిని ముందు వరుసలో కూర్చుండబెట్టిన చాలును. వాని అన్నదమ్ములను సైతము మరువరాదు; వారి సహనమును ఎవరైన గుర్తింపవలెను.

బసవేశ్వరుని కాలమున తాడు పేనువాడు, పడవ నడపువాడు, బట్టలు ఉతుకువాడు ఒకే మంటపమున కూర్చుండిరి. అందరును ఒకే పని చేయవలెనని ఎవరును శాసింపలేదు. ఎవరి చేతికి వచ్చిన పని వారికి కాయకమైనది. ఆ కాయకమే పూజయైనది. ఈ మాటను నమ్మినచో మొదట చెప్పిన ఇంటి పూజలో ఆ బాలునకును చోటు దొరకును. సంధ్యకు ముందు బిల్వదళములు కోసి తెచ్చుట వాని పని కావచ్చును. చెంబుతో నీరు తెచ్చుట, పీటలు వేయుట, దీపమునకు వత్తి అందించుట వాని పనులు కావచ్చును. అరచేత లింగమును నిలిపి పంచాక్షరిని పదకొండు మార్లు జపించి లేచుటకు వానికి అనుమతి ఇయ్యవచ్చును. పదకొండు నిలిచిన నాడు పన్నెండునకు పోవచ్చును. నిలువని నాడు ఏడుతో ఆపవచ్చును. ఆ పదకొండు మార్లు దృష్టి నిలుపుటకు వాడు పడు శ్రమ, అరగంట కదలక కూర్చుండు పెద్దల శ్రమకంటె తక్కువది కాదు.

తాతగారు అందులకు సమ్మతించిరను కొందము. విభూతి ఉండల భరిణెను కాపాడు బాధ్యతను గూడ వానికే ఇచ్చిరను కొందము. వాడు దానిని ఎంతో జాగ్రత్తగా రెండు చేతులతో తెచ్చుచుండును. పది దినములు నిలిచిన తరువాత పదకొండవనాడు వీధిలో మేళము వినబడి, తల తిరిగి, భరిణె జారి, విభూతి మరల నేలపాలగును. శరణధర్మమునకు నిజమైన పరీక్ష ఆ క్షణమున తాతగారి ఎదుట నిలుచును. బాలుడు బెదరి ఆయన ముఖము వైపే చూచును. "తుడిచి, ఇంకొక ఉండ తెచ్చుకొనుము నాయనా. పూజకు ఇంకను వేళ కలదు" అని ఆయన పలికినచో, ఆనాటి పూజ అప్పటికే మొదలైనదని చెప్పవచ్చును.